నొప్పి తెలియని ఆట

మ్యాచ్ మరుసటి రోజు ఉదయం తిమోతి మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. లాలాగూడలో రెండో అంతస్తులో ఇల్లు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు, కుడికాలు వంచకుండా దిగడం అతనికి అలవాటైపోయింది. చిన్నపిల్ల కెజియా అదొక ఆట అనుకుంది. తనూ నాన్న పక్కనే వెనక్కి తిరిగి దిగుతూ "నాన్నా, నేనే ఫస్ట్!" అని అరిచేది. తిమోతి నవ్వేవాడు. నవ్వుతూనే పళ్లు బిగపట్టేవాడు.

ఒక ఆదివారం అందరూ కలిసి చర్చికి పోదామని వచ్చిన అక్క ఎస్తేరు కింద నిలబడి అది చూసింది.

"ఎప్పట్నుంచి రా ఇట్ల?"

"ఏం లేదక్కా. పొద్దుగాల కొంచెం పట్టేస్తది. ఎండ ఎక్కినంక సాఫ్ అయితది."

"నిన్న సూది వేసుకున్నవా?"

తిమోతి కూతురి జుట్టు సవరిస్తూ మాట దాటేశాడు. వెనకే దిగుతున్న భార్య సుకృత దాటెయ్యలేదు. "ఆటకి ముందు ఒకటి, హాఫ్ టైంల ఇంకొకటి. ప్రతి మ్యాచ్‌కి అంతే వదినా. వాళ్ల టీంల సగం మందికి అంతే."

"మోకాలు స్కాన్ తీసిన్రా?"

"క్లబ్బోళ్లు తీస్తరు," అన్నాడు తిమోతి. "నాకు చూపియ్యరు. చూస్తే భయపడతనంట."

ఎస్తేరు తార్నాకలో ఒక పరిశోధన సంస్థలో నరాల మీద పనిచేసే శాస్త్రవేత్త. తమ్ముడికంటే చాలా పెద్దది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న తండ్రి పోయాక తిమోతిని బడికి పంపిందీ, చదువు అబ్బదని తేలాక బూట్లు కొనిచ్చి బోలారం మైదానానికి పంపిందీ ఆమే. ఇప్పుడతను దక్కన్ లాన్సర్స్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్. టీవీలో చూసేవాళ్లకి అతనొక గోడ. దగ్గరివాళ్లకి తెలిసిన తిమోతి వేరు. ఎదుటి జట్టువాడు తన కాలు తగిలి పడితే, రిఫరీ ఈల వెయ్యకముందే చెయ్యి అందించి లేపేవాడు. ఇంట్లో ఎవరికి ఇంజెక్షన్ చేస్తున్నా మొహం తిప్పేసుకునేవాడు. సుకృత పురిటినొప్పులు పడుతుంటే ఆస్పత్రి వరండాలో అతను కడుపు పట్టుకుని వంగి కూర్చున్నాడు. ఇతనికేమైందని నర్సు వచ్చి ఎస్తేరుని అడిగింది.

ఆ రోజుల్లోనే ఎస్తేరు ప్రయోగశాలలో ఒక పరికరం తయారవుతోంది. నరం చుట్టూ తొడిగే మెత్తటి, సన్నటి వలయం. అక్కడ అందరూ దాన్ని ఉంగరం అనేవారు. నరం వెంట నొప్పి కబురు బయలుదేరగానే ఉంగరం దాన్ని పసిగట్టి, సరిగ్గా దానికి విరుగుడు కబురు పంపేది. రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకునేవి. మెదడుకి ఏమీ చేరేది కాదు. స్పర్శ, కదలిక మాత్రం మామూలుగానే దాటిపోయేవి.

మొదట ఆమె తన మీదే చూసుకుంది. చర్మం పైనుంచి పనిచేసే పట్టీని ముంజేతికి కట్టుకుని, ఐసునీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టింది. పట్టీ లేనప్పుడు ఓర్చుకోలేక చెయ్యి లాక్కున్న మనిషి, ఇప్పుడు రెండో చేత్తో టీ తాగుతూ సహాయకురాలు నస్రీన్‌తో కబుర్లు చెప్పింది. "మేడమ్, మీ వేళ్లు చూడండి!" అని నస్రీన్ అరిస్తే అప్పుడు చూసుకుంది. గోళ్లు నీలంగా మారుతున్నాయి. చల్లగా ఉందని తెలుస్తూనే ఉంది. చెయ్యి తియ్యాలన్న తొందర మాత్రం లేదు.

తరవాత అనుమతులు వచ్చాయి. క్యాన్సరు ఎముకలకి పాకిన రోగులకి మొదట ఉంగరాలు పెట్టారు. నెలల తరబడి మంచం మీద మూలిగిన ఒక ముసలి దర్జీ, ఉంగరం పెట్టిన మర్నాడు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. అతని భార్య వచ్చి ఎస్తేరు చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పోయేవాళ్లకి ఇచ్చినదాన్ని బతికేవాడికి ఎందుకు ఇవ్వకూడదు అని ఎస్తేరుకి అప్పుడే తోచింది. సూదిమందు మోకాలిని మొద్దుబారుస్తుంది, లోపల ఉన్న కాస్త మృదులాస్థినీ తినేస్తుంది. ఉంగరం అలాంటిదేమీ చెయ్యదు. ఆటగాళ్ల మీద పరీక్షలకి అర్జీ పెట్టింది. లాన్సర్స్ క్లబ్ అడిగీ అడగ్గానే ఒప్పుకుంది. తిమోతి తొడలోపలి నరానికి ఉంగరం తొడిగిన వారానికి, అతను కెజియాని భుజాల మీద ఎక్కించుకుని మెట్లు ఉరుకుతూ దిగాడు. సుకృత కిందనుంచి చూసి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

*

ఆ సీజన్‌లో తిమోతి ఆట చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. గాల్లోకి ఎగిరి, ఎముకలు విరిగేలా పడి, బంతి కోసం మళ్లీ లేచేవాడు. క్లబ్ డాక్టరు మురహరి చురుకైన మనిషి. ఒక మోకాలితో ఆగలేదు. చీలమండకి ఒకటి, రెండో మోకాలికి ఒకటి, నడుముకి ఒకటి వచ్చాయి. జట్టులో మిగతావాళ్లూ వరస కట్టారు. మరుసటి సీజన్‌కి ఒక కంపెనీ అదే పద్ధతిలో మెడ వెనక, వెన్నుపాము పక్కన పెట్టే పెద్ద ఉంగరం తయారుచేసింది. అది పెడితే ఒంట్లో ఎక్కడి నొప్పీ పైకి పోదు. ఎస్తేరు వద్దంది. అంత మొత్తంగా ఆపేస్తే ఏమవుతుందో తన దగ్గర లెక్కలు లేవంది. ఆమె పెట్టనన్న ఉంగరాన్ని వేరే ఊళ్లో వేరే డాక్టర్లు పెట్టారు. లీగులో పేరున్న జట్లన్నిటికీ అది పాకింది.

తిమోతి మెడలో కూడా అది చేరిందన్న సంగతి ఎస్తేరుకి సుకృత చెబితే తెలిసింది. సుకృత ఒకరోజు మధ్యాహ్నం ముందు చెప్పకుండానే ప్రయోగశాలకి వచ్చింది. ఆమె బడిలో తెలుగు టీచరు. చాక్‌పీసు పొడి ఇంకా చీర కొంగు మీదే ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నిన్న కెజియా వేలు కారు డోర్ల పడ్డది వదినా."

"అయ్యో! ఎట్లున్నది?"

"ఎముక చిట్లింది, కట్టు కట్టిన్రు. అది కాదు నేను చెప్పొచ్చింది." సుకృత బల్ల అంచు పట్టుకుంది. "డోరు వేసింది ఈయనే. పిల్ల కెవ్వుమన్నది. డోరు తీసిండు. వేలు చూసిండు. 'ఏం కాలేదు, పోయి నీళ్లల్ల పెట్టుకో' అన్నడు. పోయి సోఫాల కూసొని మ్యాచ్ చూసుకున్నడు. నేను బడి నుంచి వచ్చేదాంక పిల్ల బాత్‌రూంల బకెట్ పక్కన కూసొని ఏడుస్తనే ఉన్నది. ఏమయ్యా, దవాఖానకి తీస్కపోలేవా అంటే, 'అంత పెద్ద దెబ్బ అని తెల్వలే' అన్నడు. కోపంతోని అనలే. మామూలుగ అన్నడు. నిజంగనే తెల్వలే ఆయనకి."

ఎస్తేరు లేచి ఆమె పక్కకి వచ్చి నిలబడింది.

"ఇది మొదటిసారి కాదు. మెడల ఆ పెద్ద ఉంగరం పెట్టించుకున్నప్పట్నుంచి ఇంతే. నేను జరంతోని పడుకుంటే అన్నం ఎప్పుడు వండుతవ్ అని అడుగుతడు. పోయినేడు సచ్చిపోయిన మా నాయన ఫోటో ముందట నేను ఏడుస్తుంటే, ఛానెల్ మార్చుకుంట 'ఇంకా ఎన్ని రోజులు?' అన్నడు. తాగుడు లేదు, ఇంకో ఆమె లేదు. ఇంటికొస్తడు, తింటడు, పండుకుంటడు. మనిషి లోపల లేడు వదినా. మీ తమ్ముణ్ణి ఎక్కడ పెట్టిన్రో మీరే ఎతికియ్యాలె."

*

ఎస్తేరు తిమోతిని ప్రయోగశాలకి పిలిపించింది. తలకి టోపీలాంటి యంత్రం తొడిగి, ఎదురుగా తెర మీద చిన్న చిన్న దృశ్యాలు చూపించింది. కూరగాయలు తరుగుతుంటే కత్తి వేలి మీదికి జారడం. ఎవరిదో చెయ్యి తలుపు సందులో పడటం. పసివాడు మోకాళ్లు దోక్కుపోయేలా గరుకు నేల మీద పడటం. అవే దృశ్యాలు పక్క గదిలో నస్రీన్‌కి కూడా చూపించింది. నస్రీన్ మెదడు చిత్రంలో లోపలి మడతలో ఒకచోట ప్రతిసారీ ఎర్రటి వెలుగు లేచింది. తలుపు సందులో చెయ్యి పడ్డప్పుడైతే నస్రీన్ తన చెయ్యే లాక్కుంది.

తిమోతి మెదడులో ఆ చోటు చీకటిగా ఉండిపోయింది. అతను అన్నీ శ్రద్ధగా చూశాడు. చివర "ఐపోయిందా అక్కా?" అన్నాడు.

ఎస్తేరు రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టింది.

"ఇక్కడ చూడు రా. నీ కాలికి దెబ్బ తగిల్తే ఈ చోటు వెలగాలె. నీ బిడ్డకి దెబ్బ తగిల్నా ఇదే చోటు వెలగాలె. సొంత నొప్పికి ఒకటి, పక్కోళ్ల నొప్పికి ఇంకొకటి అని మెదడుల లేవు. రెండింటికీ ఒకటే. రెండేండ్లుగ దానికి మనం ఏ కబురూ పోనియ్యలే. పని లేక అది మూతపడ్డది."

తిమోతి రెండు చిత్రాలనీ మార్చి మార్చి చూశాడు.

"అంటే నేను చెడ్డోణ్ణైననా?"

"కాదు రా. నీకు వినిపిస్తలేదు, అంతే."

"ఆ రోజు కెజియా ఏడ్చినప్పుడు నేను దగ్గరికి పోవాలె అని తెలుసు అక్కా. తెలుసు గానీ, గోడ మీద రాసింది చదివినట్టు తెలుసు. ఇప్పుడు నువ్వు ఇది చెప్తున్నవ్ కదా, నాకు బాధ అనిపియ్యాలె. నీ మొహం చూస్తే తెలుస్తుంది, అనిపియ్యాలని. అనిపిస్తలేదు."

ఎస్తేరు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిమోతి వాటిని చూశాడు. చూసి, గోడ గడియారం వైపు తిరిగి, ప్రాక్టీసుకి టైమవుతోందన్నాడు.

ఆమె మిగిలిన పరీక్షలూ చేయించింది. మోకాలి చిత్రం ఇంకా ఘోరంగా ఉంది. రెండు ఎముకల మధ్య ఉండాల్సిన మెత్తటి పొర పూర్తిగా అరిగిపోయింది. చీలమండలో విరిగిన ఎముకలు వాటంతటవే వంకరగా అతుక్కున్నాయి. అవి విరిగిన సంగతి కూడా తిమోతికి తెలియదు. వాటి మీదే పరుగెత్తుతున్నాడు.

ఆ చిత్రాలు పట్టుకుని ఎస్తేరు క్లబ్ మైదానానికి వెళ్లింది. డాక్టరు మురహరి గడ్డి మీద నిలబడి ఆటగాళ్లు వార్మప్ చేయడం చూస్తున్నాడు. ఆమె చెప్పిందంతా మర్యాదగా విన్నాడు.

"మోకాళ్ల సంగతి మాకు తెలుసు మేడమ్. ఈ ఆటలో ఎవరి మోకాళ్లు బాగుంటాయి చెప్పండి? ఇక మీరు చెప్పే ఆ రెండో సంగతి," అని ఆగి, నవ్వాడు. "డిఫెండర్‌కి జాలి తగ్గితే కోచ్ సంతోషిస్తాడు."

"ఇంటికి పోయేది డిఫెండర్ కాదు డాక్టర్ గారూ."

"ఇల్లు మా పరిధిలోకి రాదు. మీ తమ్ముడు తీసెయ్యమంటే తీసేస్తాం. అడగమనండి."

తిమోతి అడగలేదు. సెమీఫైనల్ దగ్గరికొచ్చింది. "సీజన్ ఐపోనీ అక్కా, చూద్దాం," అన్నాడు. అతనికి తొందరేమీ కనబడలేదు.

*

సెమీఫైనల్ హైదరాబాదులోనే జరిగింది. సాయంత్రపు ఎండ ఇంకా స్టాండ్ల మీద ఉంది. ఎస్తేరూ సుకృతా పక్కపక్కన కూర్చున్నారు. ఎదుటి జట్టు కావేరి స్టార్స్. వాళ్ల ఫార్వర్డ్ ఓబుళేసు అనంతపురం జిల్లావాడు. మీసాలు ఇంకా సరిగా రాలేదు. వాడు బంతితో పరుగెత్తుతుంటే మేకపిల్ల గట్టు దూకినట్టు ఉండేది. లాన్సర్స్ అభిమానులు కూడా వాడికి చప్పట్లు కొట్టారు.

రెండో సగంలో ఓబుళేసు ఇద్దర్ని తప్పించుకుని గోలు వైపు దూసుకొచ్చాడు. తిమోతి పక్కనుంచి అడ్డుపడ్డాడు. బంతి కోసమే కాలు చాపాడు, కానీ ఆలస్యమైంది. పాతరోజుల్లో అయితే ఆఖరి క్షణంలో కాలు వెనక్కి లాక్కునేవాడు. ఈసారి లాక్కోలేదు. ఓబుళేసు మోకాలి కింద ముంగాలు విరిగిన చప్పుడు మొదటి వరసల్లో కూర్చున్నవాళ్లకి వినబడింది.

స్టాండ్లలో హాహాకారాలు లేచాయి. మైదానంలో మాత్రం ఏమీ జరగలేదు.

తిమోతి లేచి, షార్ట్స్‌కి అంటిన గడ్డి దులుపుకుని, ఫ్రీకిక్ కోసం తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. లాన్సర్స్ ఆటగాళ్లు గోడ కట్టడానికి వరస సర్దుకుంటున్నారు. కావేరి జట్టువాళ్లు తమవాణ్ణి దాటుకుంటూ వెళ్లి ఫ్రీకిక్ ఎవరు కొట్టాలో మాట్లాడుకుంటున్నారు. ఒక్కడు కూడా వంగలేదు. ఒక్కడు కూడా చెయ్యి ఎత్తి డాక్టర్ని పిలవలేదు. అన్నిటికంటే వింత, ఓబుళేసు కూడా అరవలేదు. మోచేతుల మీద లేచి, పక్కకి తిరిగిపోయిన తన పాదాన్ని ఆశ్చర్యంగా చూసుకున్నాడు. లేచి నిలబడబోయాడు. కాలు కిందినుంచి మడతపడి మళ్లీ పడ్డాడు. మళ్లీ లేవబోయాడు.

"లేవొద్దు రా! లేవొద్దు!" అని స్టాండ్‌లోంచి ఎవరో ముసలాయన గొంతు చించుకున్నాడు. ఆ తరవాత స్టేడియమంతా అదే మాట అరిచింది. వేలమంది మనుషులు నిలబడి ఏడుస్తూ అరుస్తుంటే, కింద ఆటగాళ్లు అదేమిటో అర్థంకానట్టు తలలెత్తి చూశారు. రిఫరీ పరుగెత్తుకొచ్చి ఓబుళేసు భుజాలు నేలకి అదిమిపట్టుకున్నాడు. ఆ మైదానంలో ఉంగరం లేని మనిషి అతనొక్కడే.

సుకృత రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎస్తేరు కప్పుకోలేదు. తాను మొదలుపెట్టిన పని ఎక్కడిదాకా వచ్చిందో చివరిదాకా చూసింది.

*

తిమోతికి రెడ్ కార్డు, తరవాత నిషేధం వచ్చాయి. ఇంట్లోనే ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఎస్తేరు వెళ్లేసరికి అతను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. సుకృత నేల మీద కూర్చుని గోంగూర ఏరుతోంది. బయట ఆడుకుంటున్న కెజియా ఎక్కడో పడి, మోచెయ్యి దోక్కుని ఏడుస్తూ లోపలికి వచ్చింది. గుమ్మానికి దగ్గరగా ఉన్నది తండ్రే. పిల్ల అతని కుర్చీ పక్కనుంచి, కుర్చీకి తగలకుండా ఒదిగి, తల్లి దగ్గరికి వెళ్లిపోయింది.

తిమోతి అది గమనించాడు. "నా దగ్గరికి రాదు ఇప్పుడు," అన్నాడు అక్కతో. వాన వచ్చేలా ఉందని చెప్పినట్టు చెప్పాడు.

సుకృత పిల్ల మోచెయ్యి ఊదుతూ తలెత్తింది. "నీకు గుర్తున్నదా, నువ్వు ముందు ఎట్ల ఉంటుంటివో?"

"గుర్తున్నది."

"చెప్పు."

తిమోతి వేళ్ల మీద లెక్కపెట్టినట్టు చెప్పాడు. "దానికి టీకా వేయించినప్పుడు నేను బయట నిలబడి చెవులు మూసుకున్న. నీ పురుడప్పుడు నాకు కడుపునొప్పి వచ్చింది. నాయన పోయినప్పుడు అక్క ఏడుస్తలేదని నేను రెండింతలు ఏడ్చిన. అన్నీ గుర్తున్నయి. ఎవరో చెప్తే విన్నట్టు గుర్తున్నయి."

"ఉంగరాలు తీస్తే నొప్పి అంతా ఒక్కసారి మీద పడతది," అంది ఎస్తేరు. ఈ మాట దాచకూడదని ముందే నిర్ణయించుకుని వచ్చింది. "ఇన్ని రోజులు వినని మెదడు కదా, పదింతలుగ వినబడతది. నువ్వు మళ్ల ఆడలేవు. కర్ర లేకుండ నడుస్తవో లేదో కూడ చెప్పలేను. ఇంక ఆ మూతపడ్డ చోటు మళ్ల తెరుచుకుంటదా అంటే, అదీ నాకు తెల్వదు రా. తెరుచుకోకపోతే నీకు నొప్పి ఒక్కటే మిగుల్తది."

సుకృత పిల్లని ఒళ్లోకి లాక్కుంది. భర్తని బతిమాలలేదు. బతిమాలినా అది అతనిదాకా పోదని ఆమెకి తెలుసు.

తిమోతి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆటలో ఎత్తుగడ ఆలోచించేటప్పుడు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు.

"నన్ను అడిగితే ఇట్లనే బాగున్నది అక్కా. అబద్ధం ఎందుకు. ఏం నొస్తలేదు, ఏం గుచ్చుకుంటలేదు. గానీ నాకు గుర్తున్నడు కదా, ఆ మనిషి, వాణ్ణి అడిగితే ఏమంటడు? తీసెయ్ అంటడు. ఆలోచించను కూడ ఆలోచించడు. వాడు నాకంటే మంచోడు. వాడి మాట వింట."

*

ఉంగరాలు తీసిన రోజునుంచి తిమోతి నరకం చూశాడు. మోకాళ్లు, చీలమండలు, నడుము, ఎప్పుడో విరిగి అతుక్కున్న పక్కటెముకలు అన్నీ ఒక్కపెట్టున కేకలు వేశాయి. దుప్పటి బరువు కూడా కాళ్లు ఓర్చుకోలేకపోయాయి. ఫ్యాను గాలి తగిలినా అరిచేవాడు. మందులు ఇచ్చారు గానీ, ఎక్కువగా ఇవ్వడానికి ఎస్తేరు ఒప్పుకోలేదు. మళ్లీ మొద్దుబారిస్తే ఇంత చేసిందీ వృథా. తమ్ముడు పళ్లు కొరుకుతూ తనని బూతులు తిడుతుంటే మంచం పక్కనే కూర్చుని తిట్టించుకుంది.

తరవాతి వారాలు అంతకంటే కష్టంగా గడిచాయి. నొప్పి ఉంది. ఇంకేమీ లేదు. మంచినీళ్లు ఆలస్యమైతే గ్లాసు గోడకేసి కొట్టాడు. కెజియా నవ్వు వినబడితే తలుపు మూయించాడు. సుకృత కళ్ల కింద నల్లటి చారలు వచ్చాయి.

"నొప్పి వచ్చింది వదినా," అంది ఒకరోజు ఫోనులో. "మనిషి ఇంకా రాలే."

ఎస్తేరు ప్రయోగశాలలో తిమోతి మెదడు చిత్రాలు తీస్తూనే ఉంది. ఆ మడతలో సొంత నొప్పికి వెలుగు లేస్తోంది. ఎదుటివాళ్ల దృశ్యాలు చూపిస్తే మాత్రం చీకటే.

బయట ఆమె చెయ్యాల్సింది చేసింది. పత్రికలవాళ్లని పిలిచి రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. తమ్ముడి ఆట పోయిందన్న ఉక్రోషంతో మాట్లాడుతోందని క్లబ్బులు అన్నాయి. లీగు ఒక కమిటీ వేసింది. కొందరు ఆటగాళ్లు స్వయంగా వచ్చి, మా కడుపు కొట్టొద్దని ఆమెతో తగువుపడ్డారు. ఇద్దరు మాత్రం భార్యలతో కలిసి వచ్చి, మాకూ తీసెయ్యమన్నారు. క్యాన్సరు వార్డులో ఉంగరాలు కూడా ఆపేస్తారేమోనని ఆమెకి భయంగా ఉండేది. అక్కడి మనుషులకి అది అవసరం. చచ్చేలోగా వాళ్లు ఇంకో పూట ప్రశాంతంగా అన్నం తినాలి. ఒకే వస్తువు ఒకచోట వరం, ఇంకోచోట శాపం అని కమిటీవాళ్లకి చెప్పడానికి ఆమెకి చాలా మాటలు కావాల్సి వచ్చింది.

*

వర్షాలు మొదలయ్యాక తిమోతి రెండు చంకకర్రల మీద లేచి తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉదయం సుకృతతో "ఆ పిల్లగాణ్ణి చూసొస్తా," అన్నాడు.

"ఏ పిల్లగాణ్ణి?"

"ఓబుళేసు. ఇంకా ఇక్కడే దవాఖానల ఉన్నడంట. పోవాలె గదా. పోవాలె అని తెలుసు."

ఆ 'తెలుసు' ఎలాంటిదో సుకృతకి తెలుసు. అయినా ఆటో పిలిచింది. కెజియాని పక్కింట్లో వదిలి తనూ వెంట వెళ్లింది.

ఓబుళేసు గది కిటికీ పక్కన మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కాలికి ఇనుప చట్రం బిగించి ఉంది. చర్మంలోంచి సన్నటి కడ్డీలు లోపలికి దిగి ఉన్నాయి. తిమోతిని చూడగానే వాడి మొహం విప్పారింది.

"తిమోతన్నా! నువ్వొస్తావని అనుకోలేదన్నా. కూకో, కూకో. అక్కా, నువ్వూ కూకో."

"కోపం లేదా నా మీద?" అన్నాడు తిమోతి.

"కోపమెందుకన్నా? ఆటన్నాక తగలదా? నాకేం నొప్పిల్యా. ఆ పొద్దూ ల్యా, ఈ పొద్దూ ల్యా. డాక్టర్లే ఊరికే మంచంలో యేసినారు. దసరాకంతా దిగుతా సూడు గ్రౌండులోకి." వాడి మెడ వెనక, జుట్టు మొదట్లో, ఉంగరం పెట్టిన చిన్న మచ్చ కనబడుతోంది.

తిమోతి తల ఊపాడు. ఓబుళేసు ఫోను తీసి, పోయిన సీజన్‌లో తను కొట్టిన గోలు చూపించడం మొదలుపెట్టాడు. అప్పుడే ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చింది. మోకాలు బిగుసుకుపోకుండా రోజూ కాలు వంచి చాచాలి. ఆమె ఒక చెయ్యి మడమ కింద, ఒక చెయ్యి మోకాలి కింద పెట్టి మెల్లగా ఎత్తింది.

"ఇదో, ఈడ సూడన్నా, ఈడ ముగ్గుర్ని దాటినా," అంటున్నాడు ఓబుళేసు.

తిమోతి చూపు ఫోను మీద లేదు. కాలు వంగుతోంది. కడ్డీల చుట్టూ చర్మం సాగి తెల్లబడింది. ఒకచోట కుట్టు పక్కనుంచి సన్నగా నెత్తురు చిమ్మింది. ఓబుళేసు నవ్వుతూనే ఉన్నాడు. ఫిజియో ఇంకొంచెం వంచింది.

తిమోతి ముంగాలులో ఏదో కోసినట్టైంది. మోకాలు కాదు, చీలమండా కాదు. అతని ఒంట్లో ఏ దెబ్బా లేని చోటు అది.

"ఆపమ్మా!" అని అరిచాడు. "ఆపు, ఆపు, సచ్చిపోతున్నడు!"

ఫిజియో ఉలిక్కిపడి కాలు దించింది. తిమోతి చంకకర్రలు రెండూ నేల మీద పడ్డాయి. మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. సుకృత ఒక అడుగు ముందుకి వేసి, ఆగిపోయింది. ఆమెకి ఆ ఏడుపు తెలుసు.

ఓబుళేసు ఫోను పక్కన పెట్టాడు. "ఏమైందన్నా? ఏమి అట్ల ఏడుస్తాండావు? నీ మోకాలు నొస్తాందా?"

"నాది కాదు తమ్మీ," అన్నాడు తిమోతి, ఊపిరి అందక. ఇనుప చట్రానికి తగలకుండా, ఆ కాలి పక్కన దుప్పటి మీద అరచెయ్యి ఆనించాడు. "నీది."

ఓబుళేసు అతని మొహంలోకి చూశాడు. నవ్వడానికి చూశాడు గానీ నవ్వు కుదరలేదు. కాసేపటికి తల వంచి తన కాలి వైపు చూసుకున్నాడు. ఇప్పటిదాకా ఎవరో అక్కడ పెట్టి పోయిన వస్తువులా ఉన్నదాన్ని మొదటిసారిగా పరీక్షగా చూశాడు.

"అంత నొస్తాందా అన్నా ఇది?" అని అడిగాడు, మెల్లగా.